చదివి వినిపించగా

చిత్తూరు రిజిస్ట్రారాఫీసు ఎదురుగా
ముప్పై ఒక్క ఏళ్ళుగా రేకుల కింద నా బల్ల.
సర్వే నెంబరు, విస్తీర్ణం, నాలుగు దిక్కుల హద్దులు,
చివర్న ఎప్పుడూ ఒకటే మాట:
'చదివి వినిపించగా విని, సరి అని ఒప్పుకొని.'

తిరుపతి ఆస్పత్రిలో చిన్న వయసు డాక్టరమ్మ
బయాప్సీ కాగితం మీద పెన్ను ఆడిస్తూ చెప్పింది:
పాతది తిరిగి రాలేదండీ.
ఇది వేరే లింఫోమా. చాలా అరుదు. తొందర ఎక్కువ.
అప్పటి మందులు కూడా కారణం కావచ్చు,
కచ్చితంగా చెప్పలేం.

నా భాషలోకి నేనే దించుకున్నా:
సర్వే నెంబరు అదే.
పాత పట్టాదారును వెళ్ళగొట్టడానికి
మనం కూలికి పెట్టుకున్న మనిషే
పోతా పోతా గొళ్ళెం వదులు చేసినాడు.

మొదటిది నిదానస్తురాలు.
మెడ కింద చింతగింజంత లేచి
ఏడాది పాటు ఏమీ అడగలేదు.
ఇది పదహారు రోజుల్లో
చంకలో నిమ్మకాయంత.
రవిక కుట్లు విప్పుకొనింది రెడ్డెమ్మ,
ఎవరికీ చెప్పకుండా.

ఏడేళ్ళ కిందట ఇదే వరండాలో
సమ్మతి పత్రం నా చేతికే ఇచ్చినారు, ఇంగ్లీషుది.
లేఖరిని గదా, తెలుగు చేసి వినిపించినా.
వాంతులు చదివినా. జుట్టు చదివినా.
తొమ్మిదో వాక్యం,
'కొన్నేళ్ళకు మరో క్యాన్సరు వచ్చే అవకాశం',
కళ్ళతో దాటేసి పదోదానికి పోయినా.
ఆమె గుండ్రంగా సంతకం పెట్టింది.
కింద సాక్షి: నేను.

అద్దెకొంప అగ్రిమెంటుకు కూడా
ఎప్పుడూ చెయ్యని పని.

మొన్న, చంద్రగిరి దాటినాక, బస్సులో చెప్పేసినా.
కిటికీ బయటికి చూస్తానే ఉండాది.
"తెలుసులే" అనింది.
"ఎనిమిది అయినాక నీ గొంతు ఒక మెట్టు ఎగిరింది.
నేనూ అడగలా."
తర్వాత చాలాసేపు చిల్లర గురించి మాట్లాడింది,
కండక్టరు నాలుగు రూపాయలు బాకీ.

ఈ పొద్దు మళ్ళా కాగితం.
ఈసారి పేజీలు ఎక్కువ.
నా అద్దాలు కొంగుతో తుడిచి ఇచ్చింది.
"ఒక్క ముక్క మింగొద్దు."

చదువుతా ఉండా.
పక్క బెంచీలో మదనపల్లె ముసలాయన
తన కాగితం పట్టుకొని దగ్గరికి జరిగినాడు.
నాలుగో పేజీలో ఒక మాట
ఇంగ్లీషులోనే చదివేస్తే
రెడ్డెమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.
"దీనికి తెలుగేంది?"

నాకు రాలా.
"సరే, జాగా వదిలి ముందుకు పో."

దస్తావేజులో ఖాళీ వదలగూడదు, గీత కొట్టాల.
వదిలినా.