అంకె ఆఖర్ల

మిర్యాలగూడల మా మిల్లు వెనక గోడకు
ఒక గొట్టం ఉంటది.
రాత్రీ పగలూ ఊక కక్కుతది.
కింద శంకువు.
ఇద్దయ్య సారు బోర్డు మీద గీసేదానికన్న నున్నటిది.
ఎంత పడ్డా అదే వాలు:
ఎత్తు రెండైతే వ్యాసార్ధం మూడు.
టేపు పట్టి కొలిచిన. అమ్మ నవ్వింది.

రెండేండ్ల సంది సారుది ఒకటే మాట.
“ముందుగాల సంబంధం రాయి.
తర్వాత కాలంతోని అవకలనం చెయ్యి.
అంకె ఆఖర్ల పెట్టాలె బిడ్డా, ఆఖర్ల.”

మార్చి పరీక్షల తొందరపడ్డ.
‘ఎత్తు రెండు మీటర్లు ఉన్నప్పుడు’ అని కనపడంగనే
హెచ్ కొట్టేసి రెండు పెట్టిన.
రెండు కదలదు. రెండుకు అవకలజం సున్న.
కుప్ప ఎదుగుడు ఆగిపోయిందని
నా చేత్తోని నేనే రాసి
కింద రెండు గీతలు గూడ కొట్టొచ్చిన.

ఇప్పుడు సప్లిమెంటరీ. మే నెల.
కాంటా కాడ నైట్ డ్యూటీ,
లారీకి లారీకి నడుమ నోట్సు.
నిచ్చెన లెక్క కాడ చానసేపు ఆగిన.
అడుగు ఒకే తీరుగ జరుగుతది,
కొనకే, నేల దగ్గరైనకొద్దీ ఆత్రం.
పుస్తకంల ఆ నిచ్చెన మీద ఎవ్వరుండరు.
మా నిచ్చెన మీద దర్భంగా నుంచొచ్చిన రామ్‌సూరత్ ఉంటడు,
ఎలివేటర్ బెల్టుకు గ్రీజు పెట్టుకుంట.
కింద ఇద్దరు తొక్కిపట్టి నిలబడ్తరు.
ఆళ్లకు లెక్కలు రావు,
బీడీ కోసం గూడ కాలు తియ్యరు.

తెల్లారగట్ల కుప్ప లెక్క మళ్ల చేసిన, సక్కగ.
నిమిషానికి ఘనపు మీటరుల పదో వంతు పడుతుంటే
మీటరు ఎత్తుల పద్నాలుగు మిల్లీమీటర్లు,
రెండు మీటర్ల ఎత్తుల మూడున్నర.
ఎత్తు రెండింతలైతే ఎదుగుడు నాలుగో వంతు.
ఉరికిపోయి అమ్మకు చెప్పిన.

ముక్కుకు కట్టుకున్న గుడ్డ విప్పుకుంట
అమ్మ గొట్టం దిక్కు చూసింది, కుప్ప దిక్కు చూసింది.
“పదింటికి ఎంతున్నదో ఇప్పుడూ అంతే ఉన్నది గదరా.
నేను, పిచ్చమ్మ, లాలి, ఆమె చెల్లె,
నలుగురం కలిసి నిమిషానికి రెండు గంపలు
బాయిలర్ కాడికి మోస్తనే ఉన్నం.
మేం తీసేది యాడ రాసినవ్?”

రాయలే.
పుస్తకంల కుప్పకాడ గూడ ఎవ్వరుండరు.

పడేదీ తీసేదీ సమానమైతే
మార్చిల నేను రాసిన సున్న,
తప్పు తొవ్వల వచ్చిన సున్న,
ఈ గోడ వెనక ఒప్పు.

సారుకు చెప్పిన. నవ్విండు.
తర్వాత సుద్దముక్కను అరచేతుల తిప్పుకుంట
కొంచెంసేపు ఏం మాట్లాడలే.
“నిజమే. మార్కులు మాత్రం రావు” అన్నడు.

రేపు పరీక్ష. సారు చెప్పినట్టే రాస్త.
పడుడు మాత్రమే రాస్త, తీసుడు రాయ.
పేపరుల నలుగురికి జాగ లేదు.
అమ్మ నా అంగీ మీది ఊక దులిపి
మళ్ల గంపెత్తుకుంది.

హాలియా లారీ కాంటా ఎక్కింది.
డబ్బాల ఎర్ర అంకెలు ఉరుకుతున్నయ్,
పైకి, కిందికి, మళ్ల పైకి.
డ్రైవర్ కిటికీలకెళ్లి తల బయటపెట్టి
“ఎంతొచ్చిందన్నా?” అంటుండు.
ఆగు.
అది నిలబడనీ.