జరుపుడు

ధర్మసాగర్ బడిలో
కరెంటు వచ్చిన గంటలోనే నాలుగు ఫోటోలు తెరిచినం.
ఒక్కటే ఆకాశం తునక,
అరగంటలో నాలుగుమాట్ల తీసింది.
చుక్కలు కదలవు.
కదిలేదే మాకు కావాలె.

రవళి కండ్లు చికిలించి
"సార్, గీ నలుసు జరుగుతాంది" అన్నది.
తెర మీద మరకేమోనని చున్నీతోని తుడిచింది.
మరక పోయింది.
నలుసు ఇంకింత జరిగింది.

బిడ్డను తోలుకపోను ఓదెలు వచ్చిండు.
క్వారీల ఇరవై రెండేండ్లు,
కనుబొమ్మల నిండ రాతిపిండి,
ఎడమ చేతికి మూడే వేళ్లు.
"గది మన మీద పడుతదా సార్?"

ఇది పడదు. దీని తొవ్వ అంగారకుని అవతల.
కానీ ఏదో ఒకటి, ఎప్పుడో ఒకనాడు...
అట్లాంటిదాన్ని పేల్చేస్తే, అని నేను ఇంకా అననే లేదు

"పేల్చద్దు.
పేలిస్తే ఒక్క బండ నూరు బండలైతది.
ఏ ముక్క ఎటొస్తదో
మందు పెట్టినోనికి గూడ ఎరుక ఉండదు."
తన చెయ్యి దిక్కు ఆయన చూడలేదు.
నేను చూసిన.

"మరి అంత దిమ్మెను ఎట్ల తీస్తరు?"
"పొద్దుగాల్నే మొదలువెట్టాలె సార్.
నెర్రెల గాలిసంచి పెట్టి ఉబ్బియ్యాలె.
ఎంటికంత జరిగితే సాలు.
ఇగ తర్వాత దాని బరువే దాన్ని తీస్కపోతది."

సుద్దముక్క అందుకున్న.
సెకనుకు ఒక్క సెంటీమీటరు,
అంటే చీమ నడక.
ఇరవై ఏండ్ల ముందు ఆ చీమంత నెట్టితే
ఆరువేల మూడొందల కిలోమీటర్లు.
భూమి నట్టనడుమ నుంచి
మన కాళ్ల కిందున్న ఈ మట్టి దాక,
కొంచెం తక్కువ.

ఓదెలు బోర్డు దిక్కు చాన సేపు చూసిండు,
కూలి లెక్క సరిచూసుకున్నట్టు.
"గంటే, ముందుగాల కనవడాలె" అన్నడు.
"ఆఖరి నిమిషంల ఉరికితే
గడ్డపార ఇరుగుతది, బండ ఆగది."

వారానికి జవాబొచ్చింది:
ఆ రాయి ఎన్కటనే దొరికిందట,
ఒక నంబరు గూడ ఉన్నదట.
రవళి మొఖం మాడ్చుకున్నది.
ఎవలో ముందే చూసిన్రని
రెండు దినాలు ఎవలితోని మాట్లాడలేదు.

మూడో దినం తండ్రే అన్నడు,
టీవీఎస్ స్టాండేసుకుంట:
"తెల్సిన బండ మంచిదే బిడ్డా.
దానికి ఎడంగ నిలవడుతం.
తెల్వని బండే నెత్తి పలగ్గొడుతది."

ముక్కు తుడుచుకొని
ఆమె ఇంకో నాలుగు ఫోటోలు తెరిచింది.
ఉన్న ఒక్క కుర్చీని
మోకాలితోని ఆయన దిక్కు జరిపింది.