తెలిసి

కొత్త చట్టం ఢిల్లీ నుంచి వచ్చిన వారం
సిరిపురంలో మా ఆఫీసు మూడో అంతస్తులో
ఏసీ నీళ్లు బకెట్లోకి కారుతూనే ఉన్నాయి.
నా పని తెలుగు చేయడం.
సార్ ఇంగ్లీషులో అనుమానపడతారు,
నేను దాన్ని తెలుగులో నోటీసు చేస్తాను.

నిఘంటువులో వంచన అని ఉంది. వాడుకలో మోసం.
మోసమనే రాశాను. కింద చట్టం చెప్పిన అర్థం:
లాభం వచ్చినా రాకున్నా,
నష్టం ఎవరికి జరిగినా జరగకున్నా,
దాచితే చాలు.
నిజం చెప్పొద్దూ, ఒళ్లు జలదరించింది.
ఇరవై రెండేళ్ల సర్వీసులో ఇంత నిక్కచ్చి వాక్యం
నా బల్ల మీదికి రాలేదు.

తర్వాత వివరణలు మొదలయ్యాయి.
మంగళవారం సర్క్యులర్: దాచడమంటే ఉద్దేశంతో దాచడం.
శుక్రవారం ఇంకోటి: ఉద్దేశమంటే
బోర్డు తీర్మానంలో కనబడే ఉద్దేశం.
ఏ బోర్డు రాసుకుంటుంది
‘నేటి నుండి మోసగించుటకు నిర్ణయించడమైనది’ అని?

నీలిరేవు మెరైన్స్ ఫైలు.
రొయ్యల్లేని కంటైనర్ల మీద బ్యాంకు అప్పు.
ఒకే సరుకు మూడు బిల్లుల్లో
మూడుసార్లు సముద్రం దాటింది.
రుషికొండ నుంచి ఎండీ గారి లాయరు దిగొచ్చి,
కాఫీ చల్లారేలోపు, ‘ప్రక్రియలో లోపం’ అన్నాడు.
లోపం!
విటమిన్ లోపంలా, ఎవరికీ కోపం రాని మాట.
నేనే టైపు చేశాను.
రుసుము కట్టారు. రసీదు ఇచ్చాం.

అనుబంధ కంపెనీకి డైరెక్టరు మాత్రం
గరికిన ఎల్లాజీ,
ఫిషింగ్ హార్బర్‌లో ఐసు దిమ్మలు కొట్టే మనిషి.
పద్నాలుగు కాగితాల మీద సంతకం అతనిది,
ఎల్లాజీలో ‘జీ’ ప్రతిసారీ గీత దాటి కిందికి జారింది.

చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చాడు.
చదివాను: ‘తెలిసి, కపటబుద్ధితో...’
“ఆగండి బాబూ. తెలిసంటే ఏటి తెలిసి?
ఆధార్ కార్డిమ్మన్నారు, ఇచ్చినాను.
సంతకాలెట్టమన్నారు, ఎట్టినాను.
నెలకి రెండేలన్నారు. మూడు నెల్లిచ్చినారు.
నాలుగోది ఇంకా రావాల.
అది మీరిప్పిస్తారేటి?”

సార్ కాన్పూరు మనిషి. నావైపు చూశారు.
ఇంగ్లీషులోకి మార్చాను.
రికార్డులో పడింది:
‘ప్రతిఫలం పొందినట్లు అంగీకరించాడు.’
నాలుగో నెల ఎక్కడ రాయాలో
ఫారంలో గడి లేదు.

వేలిముద్ర వద్దు, సంతకమే చాలన్నాం.
లేచి, ఐసు కోసిన అరచెయ్యి బల్లకానించి అన్నాడు:
“మా రేవుల ఐసు కలిపి తూస్తే ఊరుకోరు బాబూ.
బుట్ట వంచి, నీరు వార్చీసి,
అప్పుడు కాటా ఎడతారు.
మరి మీ కాడ వార్చరా?”

“ఏమంటున్నాడు?” అడిగారు సార్.
“ఏదో చేపల సంగతి సార్.”

నాకేం లాభం రాలేదు.
నష్టం ఎవరికో ఫైల్లో లేదు.

బాయ్ సెలవు. బకెట్ నిండి
నోటీసు కాపీల వైపు పారుతోంది.
నేనే మోసుకెళ్లి
కిటికీలోంచి, కింద ఎవరున్నారో చూడకుండా,
వంచాను.