మాట అందించినదాన్ని

మాంతెవిదేయోలో ఆగస్టు గాలి
తలమీది టోపీని అడక్కుండానే పట్టుకుపోతుంది.
కొండవాడ నుంచి రెండు బస్సులు మారి వచ్చాను,
మా నాటకం సినిమా అయిందంటే.
టికెట్టు నేనే కొనుక్కున్నాను. నన్నెవరు పిలుస్తారు?
స్టేజీ అంచున, డిప్పలాంటి చెక్క గూట్లో
నడుం దాకా నేలలో దిగబడి
పదకొండేళ్లు మాట అందించినదాన్ని.

ఆ ఇంటివాళ్లు నాకు చెప్పుల్లోనే తెలుసు.
తండ్రంటే కుడివైపు అరిగిన మడమ.
పెద్దవాడంటే ఒకే లేసుని
రెండు ముక్కలు చేసి కట్టుకున్న బూట్లు.
చిన్నదానికి బూట్లు లేవు. ఆ పాత్రకు ఖర్చు లేదని
మేనేజరు తెగ మెచ్చుకునేవాడు.
ఇవాళ తెరమీద ముఖాలు,
ఒక్కొక్కటీ మా వీధి తలుపంత.
ఎవరు ఎవరో పోల్చుకోడానికి
చాలాసేపు కిందికి, కాళ్లకేసి చూశాను.
కాళ్లు చూపించరు సినిమాలో.

వాన మాత్రం నిజం వాన. తడిసిన గోడ,
మూసేసిన మాంసం ఫ్యాక్టరీ గేటు,
గేటు ముందు ఏ పనీ లేని మగవాళ్లు.
మా వాన ఎవారిస్తో చేసేవాడు,
రేకు పళ్లెంలో శనగలు పోసి, ఊపి.
జీతాలు రాని నెలలో ఒక రాత్రి
ఆ వానని ఉడకబెట్టుకు తినేశాడు.
మర్నాడు ఆటలో
అందరూ గొడుగులు విప్పారు గాని చినుకు పడలేదు.

మూడో అంకం. నాలుగు పళ్లేలు, మూడు దుంపలు.
తల్లి అనాలి:
"నేను ఫ్యాక్టరీలోనే తినొచ్చాను."
చలికాలం, బుధవారం, హాల్లో నలభైమంది.
ఒర్తెన్సియా బొటనవేలు
బూటులోపల ముడుచుకుంది.
మాట పోయినప్పుడల్లా అలాగే ముడుచుకునేది.
నేను నోరు తెరిచాను.
కాగితం మీద అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి.
ఆ పొద్దున మా తమ్ముడి ముందు రొట్టె పెట్టి
నేను అదే మాట చెప్పి బస్సెక్కాను.
ఒకే అబద్ధం ఒకే రోజు
రెండోసారి పెగల్లేదు.

ఆమె నిలబడింది. నిలబడింది.
తర్వాత పళ్లేన్ని వేలితో
అవతలికి నెట్టింది, అంతే.
దగ్గుతున్నవాళ్లెవరో దగ్గు మింగేశారు.

తెర పడ్డాక నెలరోజులు నాతో మాట్లాడలేదు ఒర్తెన్సియా.
డైరెక్టరు మటుకు
"రేపటినుంచి ఇంతే" అని ఆ వాక్యం కొట్టేశాడు.
ఆ మౌనానికి పత్రికలవాళ్లు
పెద్దపెద్ద పేర్లు పెట్టారు.
నా ప్రతిలో ఎర్ర సిరాతో ఒక అడ్డగీత.
అందించడానికి అక్కడ ఏమీ లేదు.
ప్రతి రాత్రీ ఆ చోటికొచ్చేసరికి
నేను కళ్లు మూసుకునేదాన్ని.

వదల్లేదు సినిమావాళ్లు కూడా.
అదే పళ్లెం, అదే వేలు.
తొమ్మిది సెకన్లు. లెక్కపెట్టాను.
ఎన్నేళ్లదో, గొంతులో ఇరుక్కున్నది
చీకట్లో తనంతట తనే జారింది,
గూట్లోంచి అందించినట్టే, ఊపిరితో:
"నేను ఫ్యాక్టరీలోనే తినొచ్చాను."

పక్క సీటు కుర్రాడు నావైపు తిరిగాడు.
ఏం వినపడిందో ఏమో,
వేరుశనగల పొట్లం నా ఒడిలోకి వంచి
"పర్లేదు, తీసుకోండి" అన్నాడు.

తీసుకున్నాను.
ఇంకా వెచ్చగానే ఉన్నాయి.