మాత్రమే

రెండువందల పదకొండు స్టిక్కర్లు.
కెల్మర్ హైస్కూలు లైబ్రరీ బల్ల మీద పరుచుకున్నాను.
ఒక్కోటీ అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దది.
"పరిణామం ఒక సిద్ధాంతం మాత్రమే.
తెలివైన రూపకర్త ఉన్నాడనే వాదమూ ఉంది.
తెరిచిన మనసుతో చదవండి."
బోర్డులో ఓట్లు నాలుగు, మూడు.
అతికించే పని లైబ్రేరియన్ది.

నా గొడవంతా ఆ మొదటి వాక్యం చివరి మాటతోనే.
అంత పెద్ద మాటని
పక్కింటి కుక్కని అదిలించినట్టు
అదిలిస్తుంది: మాత్రమే.
గురుత్వాకర్షణకి ఎవరూ స్టిక్కరడగలేదు.
మేడ మీంచి పడ్డవాళ్ళు
బోర్డుకి పోటీ చెయ్యరు కాబోలు.

కిటికీ అవతల సుద్దగుట్టలు.
ఈ కాన్సస్ గోధుమ చేలన్నీ ఒకప్పుడు సముద్రం.
ఐలీన్ క్రాట్స్ ఏటా సెప్టెంబరులో
పిల్లల్ని అక్కడ వదిలి
సొరచేప పళ్ళు ఏరుకురమ్మంటుంది.
ముప్ఫయ్యేళ్ళలో ఏ క్లాసూ
ఉత్తచేతులతో తిరిగి రాలేదు.

తీర్మానం పెట్టింది వర్నన్ షుక్.
మూర్ఖుడని రాద్దామనుకున్నాను, చెయ్యి రాలేదు.
పుస్తకం ఒక్కరోజు ఆలస్యమైనా
చిల్లర లెక్కపెట్టి బల్ల మీద పెట్టి వెళ్ళే మనిషి.

పద్నాలుగేళ్ళ కిందట
ఎరువుల కంపెనీ నుంచి ఒక తెల్లకోటు వచ్చింది.
వాళ్ళ బావినీళ్ళు గాజుగొట్టంలో పట్టి
వెలుతురుకెత్తి చూసి
"సైన్సు ప్రకారం భేషుగ్గా ఉన్నాయి" అంది.
లువెల్లా ఆ నీళ్ళతోనే పాలపొడి కలిపేది.
ముందు పెదాలు నీలం, తర్వాత గోళ్ళు.
పాపకి తొమ్మిదో వారం నిండలేదు.
అసలు నివేదిక కంపెనీ సొరుగులో ఉందని
మరుసటేడు తెలిసింది.

"కోటు వేసుకుని మరీ చెప్పాడు"
అన్నాడు వర్నన్, సమాధి దగ్గర. అంతే.
పాస్టరు పదకొండు రాత్రులు వాళ్ళ వంటింట్లో కూర్చున్నాడు.
సైన్సు రాలేదు.
వచ్చి కూర్చోడానికి దానికి మోకాళ్ళెక్కడివి?

కిందటి చలికాలం విచిటా నుంచి సూటు మనిషొకడు వచ్చి
తెర మీద బ్యాక్టీరియా తోక చూపించాడు,
మొదట్లో చిన్న మోటారు, గిర్రున తిరుగుతూ.
ఎవరో కూర్చుని ఆలోచించి చేసినట్టే ఉంది.
అప్పుడు వర్నన్ వైపు చూశాను.
తన పాపని కూడా ఎవరో ఆలోచించే చేశారని
వినాలని ఉండదా ఎవరికైనా?

సమావేశంలో ఐలీన్ బాగా మాట్లాడలేదు.
ఆధారాల చిట్టా చదివింది, గొంతు పెంచింది,
హాలు చల్లబడిపోయింది.
తర్వాత కార్ల దగ్గర, చీకట్లో, అడిగింది:
"మీ బావి ఇప్పుడెవరు చూస్తున్నారు?"
"ఎవరూ లేరు. నీళ్ళు కొనుక్కుంటాం."

శనివారం ముగ్గురు పిల్లలతో వెళ్ళింది. నేనూ వెళ్ళాను.
గొట్టం ఆయన చేతికే ఇచ్చింది.
నీళ్ళు మెల్లగా గులాబీ రంగెక్కాయి.
"ఈ రంగుల అట్ట ఎవరు చేశారు?" అన్నాడు.
"దాన్నీ అనుమానించండి.
వేరే కంపెనీ కిట్టు కూడా తెచ్చాను."
అదీ గులాబీయే.
ఆయన చాలాసేపు పంపు పట్టుకుని నిలబడ్డాడు.

ఓటు మార్చుకోలేదు.
తీర్మానం అలాగే ఉంది, నేను అతికిస్తూనే ఉన్నాను.
జిగురు నాసిరకం, వేసవికి మూలలు లేస్తాయి,
మిగతాది పిల్లల గోళ్ళు చూసుకుంటాయి.

మాత్రమే అనే మాటలో ఒక మాత్ర ఉంది.
మాత్రంటే మందు, కొలత కూడా.
ప్రతి నెలా ఒకటో తారీఖున
ఐలీన్ ఇంట్లో ఫోను మోగుతుంది.
పలకరింపు ఉండదు.
"పద్దెనిమిది" అంటాడు వర్నన్.
"రెండుసార్లు చూశాను."