కోడిరాయి పారుకు రేపటి సూచన

కోమలీ, రాసుకో.
రేపు గురువారం, విదియ. పోటు గట్టిగానే ఉంటాది.
తెల్లారుజాము మూడుమ్ముక్కాలుకు నీళ్ళు అడుగంటుతాయి,
కోడిరాయి పళ్ళు బయటపడేది అప్పుడే.
చీకట్లో దిగొద్దు.
ఆరున్నర దాకా గట్టున కూచో,
పారు మీద నడుము లోతు రానీ.

అల: ఛాతీ ఎత్తు. ఒకటో రెండో తల దాటొచ్చు.
అలకీ అలకీ నడాన పదమూడు సెకన్లు.
మన తట్టు పుట్టిన అల కాదది.
దక్షిణాన, పడవలు కూడా పోని నీళ్ళలో
పోయిన శుక్రవారం రేగిన గాలి తాలూకుది.
ఆరు రోజులుగా వంగకుండా, కనపడకుండా నడిచొస్తా ఉంది.
కొండెక్కే మనిషికి మోకాలిమెట్టు ఎట్లనో
దానికి నీ కోడిరాయి అట్ల.
అంతదూరం తెలియని బరువు ఆడ తెలిసొచ్చి
ఒక్కసారి పైకి లేస్తాది.

గాలి.
ఇది బులెటిన్‌లో ఉండదు, నా మాట.
వ్యవసాయ కాలేజీ వెనక
మా తెల్ల చెక్కపెట్టె పక్కన, స్తంభం మీద
మూడు గిన్నెలు తిరుగుతుంటాయి.
ఇరవై రెండేండ్లుగా వాటి లెక్క రాసేది నేను,
మునిరత్నం, అబ్జర్వరు,
పొద్దున ఏడుకొకసారి, మద్యాన్నం రెండుకొకసారి.
రాత్రి కొండ చల్లారి గాలి కిందికి జారినప్పుడు
అలిపిరి కాడ టీ బంకుల్లో పొయ్యి మంట తూర్పుకు వాలతాది.
అది చూసి నీకు ఫోన్ చేస్తాను.
ఆ గాలే శ్రీకాళహస్తి, నాయుడుపేట దాటి
నీ అల మొగాన తగలతాదా అంటే, లేదు.
మా ఆఫీసరు నవ్వినాడు కూడా.
ఈడ దిగిన రోజు ఆడా దిగతాది, అంతే.
అయినా నాకు మటుకు ఒకటే గాలి.

ఏరు మాత్రం నిజంగా ఒకటే.
స్వర్ణముఖి ఈడ ఇసక, లారీలు, ఆరేసిన దుప్పట్లు.
రేపటికి నీళ్ళు రావు, నీ తట్టు మురికి పట్టదు.
కార్తీకంలో మూడు రోజులు కురిసినప్పుడు
భక్తులు పోగొట్టుకున్న చెప్పులన్నీ మీ రేవుకొచ్చినాయంటివి.
లెక్కపెట్టి మరీ చెప్తివి:
ఎడం కాలివే పదిహేడని.

నువ్వు మొదట ఫోన్ చేసినప్పుడు వానకోసమనుకున్నా.
రైతులు అడిగేది అదే కదా.
నువ్వడిగింది, "సార్, పొద్దున గాలి పడమరేనా?"
ఎందుకని అడిగితే
మీ నాయన పగిలిన ఫైబరు పడవలోంచి కోసుకున్న పలక గురించి
అరగంట చెప్తివి.
నా యాభై ఎనిమిదేండ్లలో సముద్రం మీద నిలబడే మనిషిని
నేను చూసినవాణ్ణి కాదు.
చూద్దామనే ఒక ఆదివారం వచ్చినా,
రెండు బస్సులు మారి, పులిహోర కట్టుకోని.
సముద్రం అలికిన అరుగు మాదిరి ఉండె.
నువ్వు పడీపడీ నవ్వితివి.
"అల లేదని నిన్న చెప్పింది మీరే కదా సార్."

పోయినేడు ఆషాఢంలో తప్పు చెప్పినా.
పది దాకా పడమరే అంటి, ఎనిమిదికే తిరిగింది.
అల చిందరవందరై నిన్ను రాయి మీదికి తోసింది.
మోకాలికి ఏడు కుట్లు.
నువ్వేమీ అనలా.
మీ అమ్మ పామంజి నాగూరమ్మ ఫోన్ తీసుకోని
"గిన్నెలు చూసి బిడ్డల్ని పంపుతావా నాయనా" అనింది.
ఆ రోజు నుంచి "బాగుంటుంది" అనే మాట రాయడం మానుకున్నా.

కాబట్టి రేపు:
ఆరున్నర నుంచి ఎనిమిదింబావు దాకా పడమటి గాలి, మెల్లగా.
ఆ తర్వాత నాకు తెలీదు.
నీ జెండా గుడ్డ ఒక్కసారి అటూ ఇటూ అయినా బయటికొచ్చెయ్యి,
ఇంకొక్క అల అనుకోవద్దు.

వచ్చినాక మిస్డ్ కాల్ ఇయ్యి.
రిజిస్టరులో దానికి గడి లేదు,
వాన గడి ఖాళీగా ఉంది,
దాంట్లో పెన్సిలుతో చుక్క పెట్టుకుంటా.