మూడో వాటా

రిచీ స్ట్రీట్‌లో శనివారం, పదకొండు దాటింది.
రాత్రి వాన ఇంకా కేబుల్ చుట్టల మీంచి కారుతోంది.
జాఫర్ భాయ్ షట్టరు సగమే ఎత్తాడు.
వంగి లోపలికెళ్ళాను.

నేల మీద ఏదో బ్యాంకు వదిలించుకున్న సర్వరు,
రెండు జియాన్లు, నూట ఇరవై ఎనిమిది జీబీ,
పక్కన సగం గీకిన ఆస్తి నంబరు స్టిక్కరు.
"ఏనుగండీ ఇది, మేక ధరకిస్తా" అని
స్విచ్చి నొక్కాడు.
ఫ్యాన్లు లేచాయి.
మీనంబాక్కం ఈ కొట్టులోకి వచ్చినట్టైంది,
ఎదురు కొట్టు కుర్రాడు టీ గ్లాసుతో తొంగి చూశాడు.

ఏనుగునిచ్చినవాడు అంకుశం ఇవ్వడా అంటారు.
ఇస్తాడేమో.
కరెంటు బిల్లు మాత్రం మనమే కట్టుకోవాలి.
వేలిముద్రల సెల్‌ఫోన్ మీద లెక్క వేశాను:
ఊరికే కూర్చున్నా నూట నలభై వాట్లు,
రెండు నెలలకి రెండొందల యూనిట్లు.
పైగా పెరంబూరులో నాకున్నది ఒక్కటే గది,
నిద్రా అందులోనే, ఇదీ అందులోనే.

"సరే" అని పై అరలోంచి ఇంకోటి దించాడు.
అన్నం క్యారియరంత డబ్బా.
ఎవరి బల్ల కిందో నాలుగేళ్ళు చాకిరీ చేసొచ్చింది,
పన్నెండు వాట్లు తిని గమ్మునుంటుంది.
"కోర్లెన్ని కావాలి? ఆరా, ఎనిమిదా?
కోర్లుంటేనే కదండీ దర్జా."

ఈ కొట్టుకి పది నిమిషాల నడక, కూవం అవతల,
చింతాద్రిపేటలో పుట్టాను నేను.
ఆరు వాటాల ఇల్లు, ఒకటే చేతి పంపు.
తెల్లారుజామున ఆండాళమ్మ మెట్టు మీద కూర్చుని
బిందెలు లెక్కపెట్టేది.
లేసు అల్లే కిస్తమ్మకి నాలుగు,
దర్జీ సుభానీకి మూడు,
మూడో వాటాలో బ్యాండు మేళం ఏలుమలైకి రెండే,
వాడికి ట్రంపెట్టు తప్ప ఎవరూ లేరు.
తొట్టిలో లేని నీళ్ళకి మాటివ్వకూడదనేది ఆవిడ.
పంపు దగ్గర వంతులేసుకున్నాం,
స్నానాల గది దగ్గర వంతులేసుకున్నాం,
రోలు కూడా వంతులే.
పడుకునే జానెడు చోటుకి మాత్రం
వంతులు కుదర్లేదు ఎప్పుడూ.
చాప పరిస్తే పరిచినట్టే, అది తెల్లారేదాకా వాళ్ళదే.

"కోర్లు నాలుగు చాలు భాయ్,
ర్యామ్ అరవై నాలుగు పెట్టండి."
నన్ను ఎగాదిగా చూశాడు,
బేరం తెలిసినవాళ్ళని చూసే చూపో
తెలియనివాళ్ళని చూసే చూపో మరి.
ఉప్పుగాలికి పచ్చబడ్డ పిన్నుల్ని రబ్బరుతో రుద్దాడు,
కొత్త పేస్టు బఠాణీ గింజంత పెట్టాడు,
రసీదు మీద వారంటీ అన్నచోట అడ్డగీత కొట్టాడు.

ఆ రాత్రి ఒక ఇనుప కప్పు కింద
ఆరు యంత్రాలు లేపాను.
పేర్లేం పెట్టాలో వెతుక్కోలేదు.
కిస్తమ్మ ఫొటోలు దాస్తుంది,
సుభానీ పాత ఫైళ్ళు కత్తిరించి కుడతాడు,
ఆండాళమ్మ గుమ్మంలో కూర్చుని
ఎవరు రావాలో ఎవరు రాకూడదో చూస్తుంది.
మిగతా రెండూ పరీక్షకి చదువుకోడానికి, పాడుచేసుకోడానికి.
ఏలుమలైకి ఇంకా పనేం చెప్పలేదు.

ఒకటి చచ్చిపోతే మిగతావాటికి తెలియకూడదు,
ఈ విద్య గొప్పతనం అదేనట.
చూద్దామని ఏలుమలైని ఉన్నపళంగా ఆపేశాను.
నిజమే.
కిస్తమ్మ ఫొటోలు లెక్కపెడుతూనే ఉంది.
సుభానీ సూది ఆగలేదు.
పచ్చ దీపం అదే తీరున రెప్పలేస్తోంది.

ఆ ఏడు ఆడిమాసంలో, ఊరేగింపు నుంచి వచ్చి
వాడు మళ్ళీ లేవని పొద్దున
ఆరు వాటాల్లో ఒక్క పొయ్యి వెలగలేదు.
ఆండాళమ్మ వాడి రెండు బిందెలూ నింపి
గడప పక్కన పెట్టింది.
ఎందుకని ఎవరూ అడగలేదు.

ఒంటిగంట దాటింది.
డబ్బా మీద చెయ్యి పెట్టి చూశాను, గోరువెచ్చగా ఉంది.
ఏలుమలైని మళ్ళీ స్టార్టు చేశాను.
పనేం లేదు.
రెండు జీబీ ఇచ్చాను, ఊరికే.